చక్కెర తయారయ్యేది చీకట్లో కాదు



పదో తరగతి జవాబు పత్రాల్లో తరచూ కనిపించే వాక్యం ఒకటుంది: "నిష్కాంతి చర్య రాత్రిపూట జరుగుతుంది." మార్కు పోతుంది. అయితే తప్పంతా పిల్లలదే అనలేం, పేరే అలా ఉంది మరి. ఆ చర్యకు నేరుగా కాంతి అక్కర్లేదని మాత్రమే ఆ పేరుకు అర్థం. జరిగేది మాత్రం పట్టపగలే.

ఆకులోని పత్రహరితం ఎండను గ్రహించడంతో నీరు విడిపోతుంది. ఆక్సిజన్ బయటికి పోతుంది. శక్తినిచ్చే ఏటీపీ, హైడ్రోజన్ అందించే ఎన్‌ఏడీపీహెచ్ తయారవుతాయి. వీటిని రాత్రికి దాచుకునే వీలు మొక్కకు లేదు. ఎండ పోయిన కాసేపటికే అయిపోతాయి. పైగా రుబిస్కో అనే ముఖ్యమైన ఎంజైమ్ కూడా వెలుగు లేకపోతే మందగిస్తుంది.

ఈ రుబిస్కో చేసే పని చూడండి. గాలిలోంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను ఐదు కార్బన్లున్న పదార్థానికి అతికిస్తుంది. ఆ ఆరు కార్బన్ల అణువు నిలవదు, వెంటనే మూడేసి కార్బన్లున్న రెండు ముక్కలవుతుంది. ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్ ఖర్చుపెట్టి మొక్క వాటిని చక్కెర ముక్కలుగా మారుస్తుంది. మూడు కార్బన్ డయాక్సైడ్ అణువులు చేరితే ఇలాంటి ముక్కలు ఆరు వస్తాయి. అందులో మొక్కకు మిగిలేది ఒక్కటే! మిగతా ఐదింటిలోని 15 కార్బన్లు, మొదట వాడిన ఐదు కార్బన్ల పదార్థాన్ని మూడు అణువులుగా తిరిగి తయారుచేయడానికే సరిపోతాయి. ఈ లెక్క మీ పిల్లల చేత కాగితం మీద వేయించండి. దీన్ని 'వలయం' అని ఎందుకంటారో బట్టీ పట్టకుండానే అర్థమవుతుంది.

ఈ దారిని కనిపెట్టినది అమెరికాలోని బర్క్‌లీలో మెల్విన్ కాల్విన్, ఆండ్రూ బెన్సన్, జేమ్స్ బాషమ్. క్లోరెల్లా అనే నాచుకు రేడియోధార్మిక కార్బన్-14 అందించి, కొన్ని సెకన్లకే వేడి ఆల్కహాల్‌లో వేసి, అప్పటికి ఏ పదార్థాల్లోకి ఆ కార్బన్ చేరిందో చూశారు. 1961లో నోబెల్ బహుమతి కాల్విన్ ఒక్కరికే వచ్చింది. అందుకే దీన్ని కాల్విన్-బెన్సన్ వలయం అనడమే న్యాయమని మా అభిప్రాయం.

ఇంట్లో కలబంద కుండీ ఉంటే పిల్లల్ని ఇంకో ప్రశ్న అడగొచ్చు. నీరు ఆవిరైపోకుండా కలబంద పగలు పత్రరంధ్రాలు మూసుకుని, రాత్రిపూట కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని ఆమ్లంగా దాచుకుంటుంది. మరి చక్కెర ఎప్పుడు చేస్తుంది? పగలే.