జహనుమా

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారునుండి దక్షిణముగా శాలిబండ, అలియాబాదు దాటి ఫలక్‌నుమా కొండవైపు పోవునపుడు జహనుమా యను పేట తగులును. ఇరుకు వీధులును, ఒకదానినొకటి ఆనుకొనియున్న యిండ్లును చూచినవారికి ఆ పేరెంత పెద్దదో స్ఫురింపదు. పారసీకభాషలో ‘జహాన్’ అనగా లోకము. ‘నుమా’ అనగా చూపునది. లోకమును చూపునది జహాన్‌నుమా. ప్రజల నోట నది నలిగి జహనుమా యైనది.

ఈ మాట వెనుక నొక కథ కలదు. పూర్వము జంషీదను పారసీకరాజునొద్ద నొక పాత్ర యుండెననియు, అందులోనికి తొంగిచూచినచో లోకమందలి విశేషములన్నియు గానవచ్చుచుండెననియు ఆ దేశపు కవులు చెప్పుదురు. ఆ పేరు దేశదేశములకు ప్రాకినది. ఢిల్లీలో షాజహాను కట్టించిన జామా మసీదు అసలు పేరు మస్జిదె జహాన్‌నుమా. తురుష్కపండితుడు కాతిబ్ చెలెబి రచించిన భూగోళగ్రంథము పేరును ఇదియే. అది 1732లో ఇస్తాంబులున అచ్చుపడినది. కలకత్తాలో 1822లో వెలువడిన ఉర్దూ పత్రికకు జామె జహాన్‌నుమా యని పేరు పెట్టిరి. వార్తాపత్రికకు ఇంతకంటె తగిన పేరు దొరకుట కష్టము!

హైదరాబాదున నీ పేరు పైగా అమీరుల మందిరమునకు చెల్లినది. పైగావారు నిజాముకొరకు సైన్యమును పోషించుటకై జాగీరులు పొందినవారు. నిజాము వంశముతో వియ్యమందినవారు. కత్తిపట్టిన ఆ వంశమున పుస్తకముపై మక్కువగల వాడొకడు జన్మించెను. ఆయన షంసుల్ ఉమరా బిరుదాంకితుడైన ఫక్రుద్దీన్ ఖాను. 19వ శతాబ్దపు పూర్వార్ధమున ఆయన శిలాముద్రణాలయమును నెలకొల్పి, శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి అనువదింపజేసెను. వానిలో ‘సిత్తయె షంసియ్య’ ప్రసిద్ధము. ‘సిత్త’ యనగా ఆరు. యంత్రశాస్త్రము, ఖగోళము, జలము, వాయువు, కాంతి, విద్యుత్తు అను ఆరు విషయములందు కలవు. మూలము ఆంగ్లమున జెరిమియా జాయిస్ బాలురకొరకు సంభాషణరూపమున వ్రాసినది. ఉర్దూ మాధ్యమముగా ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడుటకు ఎంతో పూర్వమే దేశభాషలో విజ్ఞానశాస్త్రమును చెప్పవచ్చునని ఆయన చేసి చూపెను.

ఆ వంశమువాడే నవాబు జఫర్ జంగు. ఆయన ఇంగ్లండునుండి 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి 1901లో ఫిసల్‌బండలో వేధశాల స్థాపించెను. ‘ఫిసల్నా’ యనగా ఉర్దూలో జారుట; ‘బండ’ మన తెలుగుమాట. జారుడుబండ యన్నమాట! రెండు భాషలు ఒకే పేరులో కలిసి కాపురముండుట ఈ నగరమున వింత గాదు. జఫర్ జంగు అనంతరము 1908లో ప్రభుత్వము వేధశాలను స్వీకరించి బేగంపేటకు మార్చినది. ప్రపంచమందలి వేధశాలలు పంచుకొని తయారుచేసిన ఆకాశపటమున నిజామియా వేధశాలకును ఒక భాగము వచ్చినది. అచటివారు ఏండ్లతరబడి లక్షలకొలది నక్షత్రముల స్థానములను గణించిరి.

కొండమీది ఫలక్‌నుమా, అనగా ‘ఆకాశమును చూపునది’, మరియొక పైగా అమీరు వికారుల్ ఉమరా 1884లో కట్ట మొదలిడినది. దాని ఆకారము తేలువలె నుండునందురు. ఆ కట్టడము ఆయనను అప్పులపాలు చేసినది. తుదకు ఆరవ నిజాము దానిని తీసికొనెను. 2010నుండి అది హోటలుగా నున్నది. దాని పేరు హౌరా పోవు రైలుబండికిని పెట్టిరి. జహనుమా పేరు మాత్రము రైలెక్కలేదు. వీధిలోని దుకాణముల పలకలమీదనే నిలిచియున్నది.