కుక్క నోటి వాసన: పుల్ల నమిలితే పోతుందా?

జంషెడ్‌పూర్‌లోని సాక్చి బజారుకో, ఝార్ఖండ్‌లో మరే ఊరి సంతకో పొద్దున్నే వెళితే గుగ్గిలం చెట్టు పుల్లలను కట్టలు కట్టి అమ్మేవారు కనిపిస్తారు. అక్కడివారు వాటిని సఖువా దాతున్ అంటారు. మన వేపపుల్లకు దగ్గర చుట్టమే. ఇప్పుడు కుక్కలకు కూడా పుల్లలు వచ్చాయి. పెంపుడు జంతువుల దుకాణాల్లో డెంటల్ స్టిక్ అనే పేరుతో దొరుకుతాయి. వీటిని నమిలిస్తే నోటి దుర్వాసన పోతుందంటారు. ఈ మాట కొంతవరకు నిజం. ఆ ‘కొంత’ ఎంతో తెలియకుండా కొంటే మాత్రం, లోపల జబ్బు ముదురుతూ ఉంటే పైన పుదీనా వాసన పూస్తూ కూర్చున్నట్టవుతుంది.

కుక్క నోరు కంపు కొట్టడం దాని సహజగుణమని చాలామంది అనుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న కుక్క నోటికి కొద్దిపాటి వాసన ఉండవచ్చు గాని, మనం ముఖం తిప్పుకోవలసినంత కంపు ఉండదు. అలా ఉందంటే చాలాసార్లు కారణం చిగుళ్ల దగ్గరే ఉంటుంది. పంటికీ చిగురుకూ మధ్య సందులో, ఆక్సిజన్ అందని చోట బతికే బాక్టీరియా ఉంటాయి. ఇవి ఆహారపు తునకల్లోనూ లాలాజలంలోనూ రాలిపోయిన కణాల్లోనూ ఉండే ప్రోటీన్లను విడగొడతాయి. అప్పుడు వాటిలోని గంధకం హైడ్రోజన్ సల్ఫైడుగానూ మిథైల్ మెర్కాప్టాన్‌గానూ బయటికి వస్తుంది. మొదటిదానిది కుళ్లిన కోడిగుడ్డు వాసన, రెండోదానిది కుళ్లిన క్యాబేజీ వాసన.

ఈ బాక్టీరియాకు ఇల్లు కట్టిపెట్టేది పాచి. నిద్ర లేవగానే మన పళ్ల మీద జిగురుగా తగులుతుందే, అదే. పళ్లు శుభ్రం చేసిన కొన్ని గంటలకే మళ్లీ మొదలవుతుంది. తుడవకుండా వదిలేస్తే రెండు మూడు రోజుల్లోనే లాలాజలంలోని కాల్షియం లవణాలు అందులో చేరి గట్టిపడి గార అవుతుంది. కుక్క లాలాజలానికి మన లాలాజలం కంటే క్షారగుణం ఎక్కువ. అందువల్ల కుక్కలకు పుచ్చుపళ్లు అరుదు, గార మాత్రం త్వరగా పడుతుంది. గరుకుగా ఉండే గార మీద కొత్త పాచి ఇంకా సులువుగా అతుక్కుంటుంది. చిగుళ్లు వాచి, పంటిని పట్టి ఉంచే ఎముక కరగడం మొదలవుతుంది. పెద్ద కుక్కకు ఉండే 42 పళ్లలో కొన్ని ఇలాగే ఊడిపోతాయి. విచారించవలసిన విషయమేమిటంటే, నొప్పి ఉన్నా కుక్క తిండి మానదు. అందుకే మనకు తెలియదు.

ఉక్కు నగరంలో పనిచేసేవారికి గార కథ కొత్త కాదు. కఠినజలం పోసిన బాయిలరు గొట్టాల లోపల కాల్షియం లవణాలు ఇలాగే పొరలు కడతాయి. దాన్ని అడ్డుకోవడానికి నీటిలో కలిపే రసాయనాల్లో పాలీఫాస్ఫేట్లు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. వాటిలో ఒకటైన సోడియం హెక్సామెటాఫాస్ఫేట్‌నే కొన్ని రకాల డెంటల్ స్టిక్కుల్లోనూ, వాటి పైపూతలోనూ వాడుతున్నారు. లాలాజలంలోని కాల్షియాన్ని అది పట్టి ఉంచితే పాచి గట్టిపడడం తగ్గుతుంది. అయితే గొట్టంలో ఇదివరకే పేరుకున్న పొరను ఈ మోతాదు రసాయనం ఊడగొట్టలేదు, గోకించాలి, లేదా ఆమ్లంతో కడిగించాలి. కుక్క నోట్లో ఆమ్లం పోయలేం కదా! పసుపు, గోధుమ రంగుల్లో గార కనిపిస్తోందంటే పుల్ల పని దాటిపోయింది. పశువైద్యుడు మత్తు ఇచ్చి చిగురు కింద దాకా గీకవలసిందే. మత్తు లేకుండా పైపైన గీకించుకుంటే పళ్లు తెల్లగా కనిపిస్తాయి గాని అసలు జబ్బు చిగురు కింద అలాగే ఉంటుంది.

డెంటల్ స్టిక్కు చేసే రెండో పని ఒరిపిడి. కుక్క పన్ను అందులోకి దిగినప్పుడు అది వెంటనే విరగకుండా పంటి పక్కలను రాస్తూ పోవాలి. మామూలు బిస్కెట్టు పంటి మొన తగలగానే పొడి అవుతుంది, కాబట్టి పెద్దగా శుభ్రం చేయదు. ఇక్కడ మన దాతునుకూ దీనికీ తేడా ఉంది. మనం పుల్ల కొసను కుంచెలా చేసి ప్రతి పన్నూ తోముకుంటాం. కుక్క దవడ పైకీ కిందికీ ఆడుతుందే గాని మన దవడలా పక్కలకు పెద్దగా కదలదు. ఏ దవడపళ్లతో నమిలిందో అవే కొంత శుభ్రపడతాయి. ముందుపళ్లకూ కోరలకూ ఫలితం తక్కువ. వేపపుల్లో గుగ్గిలం పుల్లో కుక్కకు ఇద్దామనుకుంటారేమో, వద్దు. పీచు, పేళ్లు చిగుళ్లలో గుచ్చుకుంటాయి.

ఎంత ఫలితం ఉంటే ‘పనిచేసింది’ అనాలి? అమెరికాలో 1997లో ఏర్పడిన వెటర్నరీ ఓరల్ హెల్త్ కౌన్సిల్ ఒక కొలత పెట్టింది. తయారీదారు రెండు పరీక్షలు జరిపి, పాచి గాని గార గాని సగటున కనీసం 20 శాతం తగ్గినట్టు చూపిస్తేనే తన ముద్ర వేసుకోనిస్తుంది. ముద్ర ఉన్నదాన్ని ఎంచుకోవడం మంచిదే, కాని మిగతా 80 శాతం గుర్తుంచుకోండి. రోజూ బ్రష్‌తో తోమడానికి సాటి వచ్చే పుల్ల లేదు.

ఇక భద్రత. బొటనవేలి గోటితో నొక్కితే కొద్దిగానైనా గంటు పడని వస్తువును నమలడానికి ఇవ్వకండి. ఎముకలు, కొమ్ములు, గిట్టలు పై దవడలోని పెద్ద పన్నును చీల్చేస్తాయి. మెత్తనిదైనా కుక్క సైజుకు చిన్నదైతే గుటుక్కున మింగేస్తుంది. 2006లో అమెరికాలో ఒక రకం పుల్లలు కొన్ని కుక్కల గొంతులోనూ పేగుల్లోనూ ఇరుక్కుని పెద్ద గొడవే జరిగింది. ఆ తర్వాత తయారీదారు వాటి తీరు మార్చవలసి వచ్చింది. నమిలేంతసేపూ మీరు దగ్గరే ఉండండి.

అన్నిటికంటే ప్రమాదం జైలిటాల్ అనే తీపి పదార్థం. చక్కెర లేని చూయింగ్ గమ్ముల్లో, మన పేస్టుల్లో కొన్నింటిలో ఉంటుంది. మనకు హాని లేదు. కుక్కకు మాత్రం కిలో బరువుకు 0.1 గ్రాము చేరితే చాలు, ఇన్సులిన్ ఒక్కసారిగా ఊరి రక్తంలో చక్కెర పడిపోవచ్చు. మోతాదు ఇంకా పెరిగితే కాలేయం దెబ్బతింటుంది. పైగా కుక్కకు పుక్కిలించి ఉమ్మడం రాదు. మన పేస్టు నురగ, ఫ్లోరైడుతో సహా కడుపులోకే పోతుంది. కుక్కల కోసం చేసిన పేస్టు వేరే దొరుకుతుంది, అదే వాడండి.

బిష్టుపూర్, కదమా ప్రాంతాల్లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో కుక్కకు పెరుగన్నం పెట్టే ఇళ్లు లేకపోలేదు. మెత్తని అన్నంతో పళ్లకు ఒరిపిడే ఉండదు. దానికి తోడు రోజూ ఒక పుల్ల ఇస్తే అన్నం ఆ మేరకు తగ్గించాలి. పది కిలోల కుక్కకు రోజుకు సుమారు 600 కెలోరీలు సరిపోతాయి. చిరుతిళ్లన్నీ కలిపి 60 దాటకూడదు. పొట్లం మీద కెలోరీలు రాయని పుల్లను కొనకపోవడమే నయం.

కొన్ని వాసనలకు నోటితో సంబంధమే ఉండదు. అమ్మోనియాలా ఘాటుగా వస్తే మూత్రపిండాలను, గోళ్ల రంగు తుడిచే అసిటోన్‌లా తియ్యగా వస్తే మధుమేహాన్ని అనుమానించాలి. అప్పుడు వెళ్లవలసింది దుకాణానికి కాదు, డాక్టరు దగ్గరికి.

కుక్కపిల్లకు 28 పాలపళ్లు వస్తాయి. అవి నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఊడతాయి. ఆ వయసులోనే వేలికి తడిగుడ్డ చుట్టి రోజూ చిగుళ్లు నిమరడం అలవాటు చేస్తే, పెద్దయ్యాక బ్రష్ పెట్టినప్పుడు కరవడానికి రాదు.