చీనావారి కుర్చీయు, బల్లయు

హైదరాబాదు పాతనగరమున, మూసీనది దక్షిణతీరమున సాలార్జంగు వస్తుప్రదర్శనశాల కలదు. మూడవ సాలార్జంగు అగు మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) సేకరించిన వస్తువులతో అది 1951వ సంవత్సరమున ప్రారంభింపబడి, 1968లో ఇప్పటి భవనమునకు మార్చబడెను. అందు చీనాదేశపు పింగాణి పాత్రలను, లక్కపని వస్తువులను చూచు విద్యార్థులకు, వానిని చేసినవారు తమ యింటి సామానులను ఏమని పిలుతురో, ఆ పేర్లను ఎట్లు వ్రాయుదురో తెలిసికొనవలెనను కోరిక కలుగుట సహజము.

చీనామాట పాతనగరమునకు క్రొత్తది కాదు. అచ్చటి ఫలహారశాలలలో ప్రతిదినము వినబడు ‘చాయ్’ అను పేరు చీనాభాషలోని ‘ఛా’ అను పదమే. అది పారసీకము మీదుగా ఇచ్చటికి వచ్చినది.

తెలుగులోవలె అచ్చులు, హల్లులు చీనాలిపిలో లేవు. ఒక్కొక్క అక్షరము ఒక మాటనో, మాటలోని అర్థవంతమైన భాగమునో తెలుపును. అక్షరములు వేలకొలది యున్నను, వానిలో పెక్కు చిన్నచిన్న భాగముల కూర్పుచే ఏర్పడినవే. ‘కొయ్య’ను తెలుపు అక్షరమును ‘మూ’ అని చదువుదురు. మొదట అడ్డగీత, పిదప దానిని ఖండించు నిలువుగీత, ఆ కూడలినుండి ఎడమకు ఒకటి, కుడికి ఒకటి వాలుగీతలు, వెరసి నాలుగు. కొమ్మలును, వేళ్లును గల చెట్టు రూపమిది. పైనుండి క్రిందికి, ఎడమనుండి కుడికి వ్రాయుట సామాన్య నియమము.

కొయ్యసామానుల పేర్లలో ఈ చెట్టు తరచుగా కానవచ్చును. పూర్వము చీనావారును చాపలపై కూర్చుండెడివారే. సోంగు వంశపు కాలమున (960–1279) వారిలో కుర్చీల వాడుక ప్రబలెను. ‘ఆనుకొనుట’ అను అర్థముగల ‘ఈ’ అను మాటయే ఆనుకొను పీఠమునకు పేరయ్యెను. ఆ అక్షరమునకు ఎడమప్రక్క మనుష్యుని గుర్తుండెడిది. దానిని తీసి చెట్టుగుర్తు నుంచగా ‘కుర్చీ’ అయ్యెను. ‘ఎత్తైనది’ అను మాటనుండి బల్లకు పేరు కలిగెను. దాని అక్షరమున చెట్టు అడుగున నిలిచి బల్లను మోయుచున్నట్లుండును. తెలుగువారు కుర్చీతోపాటు అరబ్బీ పేరును గ్రహించిరి. చీనావారు తమ మాటలనుండియే పేరు కల్పించుకొనిరి.

కుర్చీని ‘ఈౘ’ అనియు, బల్లను ‘చ్వోౘ’ అనియు పలుకుదురు. చివరి ధ్వని ‘చలి’, ‘చాప’ అను తెలుగుమాటలలోని దంత్యచకారమునకు దగ్గరగా నుండును. కావున తెలుగు పిల్లల నాలుకకు అది కష్టము కాదు. ‘చ్వో’ అనునపుడు మాత్రము, ‘ట’ను పలుకునట్లు నాలుకకొనను పైకి మడువవలెను.

ధ్వని సరిపడినంతమాత్రమున చాలదు. చీనాభాషలో నాలుగు స్వరములు కలవు. మొదటిది ఎత్తుగా సమముగా సాగును. రెండవది పైకి లేచును. మూడవది క్రుంగి లేచును. నాలుగవది వేగముగా దిగును. ‘చ్వో’ను సమముగా పలికిన బల్ల యగును, పైకి లేపి పలికిన చేతిగాజగును! చార్మినారు చెంత లాడ్‌బజారున గాజులు వెదకు చీనాయాత్రికునితో ఆ మాట తప్పుగా పలికినచో, అతడు గాజులకు బదులు బల్లలను తలచును. అట్లే ‘ఛ్వాఙ్’ అనుదానిని పైకి లేపిన మంచము, సమముగా పలికిన కిటికీ. రాత్రికి మంచము కోరిన బాటసారి స్వరము తప్పినచో కిటికీ నడిగినవాడగును.

కావున పరభాష నేర్చువాడు కంటితో అక్షరమును చూచుటకు ముందు చెవితో మాటను వినవలెను; విన్నదానిని పలికి, పలికినదానిని క్రమము తప్పక వ్రాయవలెను. అట్లు నేర్చిన బాలునకు ఆ గీతలు వింతబొమ్మలుగా తోపవు. వానిలో అతడు ఒక చెట్టును, దానికి ఆనుకొని కూర్చున్న ఒక మనుష్యుని చూడగలడు.