రాత్రివేళ ఊపిరాడక మేల్కొనుట: కారణములు, పంచాయతీ సభ్యుల కర్తవ్యము

గ్రామమున నడిరేయి ఒక యింట దీపము వెలిగి, ఇరుగుపొరుగువారు గుమిగూడినచో, తరచుగా వినవచ్చు మాట ఒక్కటియే: ఇంటిపెద్దకు ఊపిరాడుట లేదు. అట్టి సమయమున జనులు వార్డు సభ్యుని తలుపో, సర్పంచి తలుపో తట్టుదురు. “గాలి సోకినది” అని కొందరు, “అజీర్తి” అని కొందరు, “వయసు మళ్లినది గదా” అని మరికొందరు చెప్పుదురు. ఈ మాటలతోనే తెల్లవారును. కొన్ని ఇండ్లలో రోగికి మాత్రము తెల్లవారదు. కావున ఈ బాధకు గల ముఖ్యకారణములను, పంచాయతీలు చేయదగిన పనులను ఇచట వివరింపదలచినాము.

గుండె బలహీనత

అన్నింటిలో ప్రమాదకరమైనది ఇది. పగలు నిలబడి పనిచేయుటచే కాళ్లలోనికి దిగిన నీరు, పండుకొనినప్పుడు తిరిగి రక్తమున చేరును. ఆరోగ్యముగల గుండె దానిని సులభముగా తోడివేయును. బలహీనపడిన గుండె తోడలేదు. అప్పుడా నీరు ఊపిరితిత్తులలో నిలుచును. అందుచే నిద్రపట్టిన రెండు మూడు గంటలలో రోగి ఉలికిపడి లేచి కూర్చుండును. గాలికై ఆరుబయటికి పోవును. కొంతసేపు కూర్చుండిన పిమ్మట బాధ తగ్గును. తగ్గినది గదా యని ఊరకుండుటయే ముప్పు.

పాదముల వాపు, నాలుగడుగులు వేసినంతనే ఆయాసము, రెండు మూడు దిండ్లు లేనిదే పండుకొనలేకుండుట దీనికి గుర్తులు. ఏండ్ల తరబడి పరీక్షింపించుకొనని రక్తపుపోటు, మునుపు వచ్చిన గుండెపోటు, చిన్ననాటి కీళ్లవాతపు జ్వరముచే చెడిన గుండె కవాటములు దీనికి మూలములు.

మూత్రపిండములు చెడినను ఒంట నీరు చేరి ఇట్టి ఆయాసమే కలుగును. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతమున ఈ వ్యాధి విస్తారముగా నుండుటచే, 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల ఆసుపత్రిని ప్రారంభించిరి. రక్తహీనత ముదిరిన గర్భిణీ స్త్రీలకు కలుగు ఆయాసమును గూడ “నెలలు నిండుచున్నవి” అని తేలికగా తీసికొనరాదు.

ఉబ్బసము, పొగ

ఉబ్బసము సాధారణముగా తెల్లవారుజామున, నాలుగు గంటల ప్రాంతమున ముదురును. ఆ వేళ శ్వాసనాళములు సహజముగనే కొంత ఇరుకగును. దగ్గు, రొమ్మున పిల్లికూతలు దీని లక్షణములు. పాతదిండ్ల దుమ్ము, ధాన్యపు నూగు, చలిగాలి, దోమలకై పెట్టు పొగ దీనిని రేపును. పీల్చెడి మందు అలవాటై విడువదని పల్లెలలో ఒక అపోహ కలదు. అది నిజము కాదు. ఆ మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరును గనుక స్వల్పమైన మోతాదే చాలును. మృగశిర కార్తెనాడు చేపమందుకై హైదరాబాదు పోవువారును, వైద్యుడు వ్రాసిన మందును మానరాదు.

చుట్ట, బీడీ ఏండ్ల తరబడి కాల్చినవారి ఊపిరితిత్తులు పాడై రాత్రులు దగ్గుతో, ఆయాసముతో గడచును. ఏనాడును బీడీ ముట్టని స్త్రీలకును ఇదే వ్యాధి వచ్చుచున్నది. కట్టెలపొయ్యి పొగయే దీనికి కారణము. 1999లో దీపం పథకము, 2016లో ఉజ్వల పథకము వంటగ్యాసును పేదయిండ్లకు చేర్చినవి. అయినను సిలిండరు ఖరీదుకు వెరచి, నీళ్లు కాచుటకైనను పొయ్యి రాజేయు ఇండ్లు కలవు.

మన ప్రాంతమున తెలియవచ్చిన వ్యాధి

బోదకాలు కలిగించు పురుగుల పిల్లలు ఊపిరితిత్తులలో చిక్కుకొని, కొందరికి రాత్రులయందే దగ్గు, ఆయాసము పుట్టించును. రక్తమున ఈస్నోఫిల్ కణములు మిక్కిలిగా పెరుగును. మదనపల్లె సమీపమున గల ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయపు వైద్యులు ఫ్రిమోట్-మొల్లర్, బార్టన్ గారలు క్షయను పోలిన ఈ స్థితిని 1940లో వర్ణించిరి. క్షయయని, ఉబ్బసమని పొరపడుటకు ఎంతయో అవకాశము కలదు. రక్తపరీక్షతో గుర్తించినచో బోదవ్యాధి మందుతోనే నయమగును. ఇది దోమకాటుతో వచ్చు వ్యాధి గనుక, మురుగుకాలువ బాగుచేయుట గూడ చికిత్సయే.

గురక మొదలగునవి

పెద్దగా గురకపెట్టుచు, నడుమ పది సెకనులో అంతకు మించియో ఊపిరి నిలిచి, ఉక్కిరిబిక్కిరియై లేచువారు కొందరు. గొంతు కండరములు సడలి గాలిదారి మూసికొనుట దీనికి కారణము. స్థూలకాయులలో ఎక్కువ. వీరు పగలు కునికిపాట్లు పడుదురు. లారీ, ట్రాక్టరు నడుపువారికిది ప్రాణాంతకము. రాత్రి ఆలస్యముగా కారముతో నిండుగా భుజించి వెంటనే పండుకొనువారికి పుల్లని రసము గొంతులోనికి ఎగదన్నును. తీవ్రమైన దిగులు, భయము వలన గూడ ఊపిరాడనట్లుండును. కాని గుండెకు, ఊపిరితిత్తులకు జబ్బులేదని వైద్యుడు చెప్పకముందే భయమని నిర్ణయింపరాదు.

తక్షణము చేయవలసినవి

రోగిని పండుకొనబెట్టక, వీపునకు ఆనింపుతో కూర్చుండబెట్టి కాళ్లు క్రిందికి వ్రేలాడనీయవలెను. చుట్టుమూగిన జనమును తప్పించవలెను. బలవంతముగా నీరు, కషాయము పోయరాదు. ఉబ్బసరోగియైనచో అతని పీల్చెడి మందు నీయవలెను. రొమ్మునొప్పి, చెమటలు, పెదవులు నీలివర్ణమగుట, నురుగుతో కళ్లె, మాట పూర్తిచేయలేకుండుట వీనిలో ఏది కనబడినను వెంటనే 108కి ఫోను చేయవలెను. బాధ తగ్గినను మరునాడు వైద్యపరీక్ష తప్పదు.

పంచాయతీ చేయదగినవి

రాజ్యాంగపు 11వ షెడ్యూలున గల 29 అంశములలో ఆరోగ్యము, పారిశుద్ధ్యము చేరియున్నవి. కావున ఇది వైద్యశాఖ పనియే యని సభ్యులు తలపరాదు.

1. 30 సంవత్సరములు నిండినవారందరు ఉపకేంద్రమున రక్తపుపోటు, చక్కెర ఉచితముగా పరీక్షింపించుకొనునట్లు ప్రతి వార్డునను ప్రచారము చేయవలెను.
2. ఆయాసరోగులు ఏ యిండ్లలో నున్నారో ఆశా కార్యకర్తతో కలిసి తెలిసికొని, వారు మందులు మానకుండ చూడవలెను.
3. వాడలోనికి 108 వాహనము వచ్చుటకు అడ్డమగు కంపలు, గడ్డివాములు తొలగించి, వీధిదీపములను వెలుగుచుండునట్లు చూడవలెను.
4. చెత్తను వీధులలో తగులబెట్టుటను మాన్పించవలెను. పొగగూడు లేని వంటయిండ్లకు దానిని అమర్చుకొనుటకు ప్రోత్సహింపవలెను.
5. మురుగు నిలువకుండ కాలువలు తీయించవలెను.

వీనిలో పెక్కింటికి పెద్ద ధనము అక్కరలేదు. రానున్న గ్రామసభలో ఒక గంట చర్చ, ఆ పిమ్మట పట్టుదల చాలును. ఊపిరాడక లేచిన మనిషికి దారియు, దీపమును, సరియైన సలహాయు సకాలమున దొరకు గ్రామమున, తప్పింపదగిన మరణములు పెక్కు తప్పిపోవునని మా విశ్వాసము.