ఎల్లలు దాటు విహారము

యూరపు ఖండమున ఒక కుటుంబము వారము దినముల సెలవులో మూడు నాలుగు దేశములను చూచి రావచ్చును. ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బర్గు నగరమున 142 మీటర్ల ఎత్తుగల ప్రాచీనమైన క్రైస్తవ దేవాలయమును ఉదయమున దర్శించి, రైన్ నదిపై 2004లో వెలసిన కాలివంతెన మీదుగా నడచినచో, ఆవలి యొడ్డున జర్మనీ దేశపు కేల్ పట్టణమును చేరుదురు.

ఈ సౌకర్యము సులభముగా లభించినది కాదు. స్ట్రాస్‌బర్గు 1871లో జర్మనీ వశమయ్యెను. 1918లో మరల ఫ్రాన్సుకు దక్కెను. 1940లో జర్మను సేనలకు లోబడి, 1944లో విముక్తి గాంచెను. డెబ్బదిమూడేండ్లలో ఆ నగరముపై జెండా నాలుగు మారులు మారినది.

యుద్ధములతో విసిగిన ప్రజలు మైత్రిని కోరిరి. 1985 జూన్ 14వ తేదీన, లక్సెంబర్గు దేశమునందలి షెంగెన్ గ్రామమువద్ద, మోజెల్ నదిలో నిలిచిన ఓడపై, సరిహద్దు తనిఖీలను క్రమముగా తొలగించుటకు ఐదు దేశములు ఒప్పందము చేసికొనెను. 1995 మార్చి 26 నుండి అది ఆచరణలోనికి వచ్చెను. 2025 నాటికి ఇందు 29 దేశములు చేరినవి. అవసరమైనపుడు ప్రభుత్వములు తాత్కాలికముగా తనిఖీలు జరుపుచుండును. కావున యాత్రికులు పాస్‌పోర్టును వెంట నుంచుకొనవలెను.

ఒకప్పుడు సేనలు ఆయుధములతో దాటిన నదిని నేడు పిల్లలు తల్లిదండ్రుల చేయి పట్టుకొని దాటుచున్నారు.