ఈసారి మియాగీని చూడండి!

ఒంటికాలి మీద నిలబడి, రెండు చేతులూ కొంగ రెక్కల్లా పైకెత్తి... ఎగిరి ఒక్క తన్ను!

‘ద కరాటే కిడ్’ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది అదే. వీసీఆర్ అద్దెకు తెచ్చుకున్న రాత్రో, ఆ తర్వాత కేబుల్ టీవీలోనో ఈ సినిమా చూసి, మర్నాడు డాబా మీద తమ్ముణ్ని ఎదురుగా నిలబెట్టి ఆ తన్ను ప్రయత్నించిన కుర్రాళ్లు ఇప్పుడు నాన్నలయ్యారు. కొందరి మోచేతి మీద ఆనాటి మచ్చ ఇంకా ఉండే ఉంటుంది. ఆ నాన్నలే ఒక ఆదివారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ అదే సినిమా పెడితే... చిత్రంగా అది వేరే సినిమాలా కనిపిస్తుంది. తన్ను ఎక్కడికీ పోలేదు. చూసే కళ్లే ఇంకెక్కడో ఆగిపోతాయి.

1984 జూన్‌లో విడుదలైన ఈ సినిమా కథ నాలుగు ముక్కల్లో చెప్పేయొచ్చు. తండ్రి లేని డేనియల్, తల్లి ఉద్యోగం కోసం న్యూజెర్సీలోని నెవార్క్ నుంచి కాలిఫోర్నియాకు వస్తాడు. కొత్త ఊరు, కొత్త స్కూలు. అక్కడ కరాటే నేర్చిన జానీ బృందం అతణ్ని చితకబాదుతుంది. వాళ్లుండే అపార్ట్‌మెంట్లో కుళాయిలూ అవీ బాగుచేసే మియాగీ అనే పెద్దాయన ఆ కుర్రాణ్ని చేరదీసి కరాటే నేర్పుతాడు. చివర్లో పోటీ, గెలుపు. దర్శకుడు జాన్ జి.ఎవిల్డ్‌సన్ అంతకు ఎనిమిదేళ్ల ముందు ‘రాకీ’ తీసి ఆస్కార్ అందుకున్నాడు. బలహీనుడు బరిలోకి దిగితే ప్రేక్షకుడు కుర్చీ అంచుకు ఎలా జరుగుతాడో ఆయనకు బాగా తెలుసు.

డేనియల్‌గా వేసిన రాల్ఫ్ మచియోకి సినిమా విడుదలయ్యేనాటికి 22 ఏళ్లని చెప్పి చూడండి, ఇంట్లో ఎవరూ నమ్మరు!

చిన్నప్పుడు చూసినప్పుడు డేనియల్ తల్లి అసలు గుర్తే ఉండదు. ఇప్పుడు ఆమె కనిపిస్తుంది. కొడుకు స్నేహితురాలిది డబ్బున్న కుటుంబం. ఆ ఇంటి ముందు వీళ్ల పాత కారు మొరాయిస్తే పిల్లలిద్దరూ దిగి తోస్తారు. ఆ సన్నివేశానికి పిల్లలు పకపకా నవ్వుతారు. పక్కనే కూర్చున్న అమ్మకు మాత్రం నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

కారు తుడిస్తే కరాటే వస్తుందా?

గురువుగారి శిక్షణ మొదలయ్యేసరికి పిల్లలకు కోపం వస్తుంది. కార్లకు మైనం పూయమంటాడు... ఒక చేత్తో గుండ్రంగా పూయాలి, ఇంకో చేత్తో గుండ్రంగా తుడవాలి. పెరట్లో చెక్క నేలను గరుకు కాగితంతో రుద్దమంటాడు. కంచెకు కిందికీ పైకీ, ఇంటికి అడ్డంగా రంగు వేయమంటాడు. “వాళ్లింట్లో పనంతా ఇతనితో చేయించుకుంటున్నాడేంటి?” అని అడగని పిల్లలుండరు. ఆ గదిలో నాయనమ్మ ఉంటే జవాబు ఆవిడే చెబుతుంది. పొలంగట్టు తెగితే నీళ్లకు అడ్డంగా తానే పడుకున్న ఆరుణి కథ మహాభారతంలో ఉంది కదా! గురువుగారింట్లో ఊడిగం చేయనిదే చదువేమిటన్నది మన పాత లెక్క.

ఆ ఊడిగంలోనే చదువు దాచడం ఈ సినిమా చమత్కారం. ఒళ్లు హూనమైన డేనియల్ తిరగబడిన రాత్రి, మియాగీ వరసగా దెబ్బలు విసురుతాడు. మైనం పూసిన చేయి, కంచెకు రంగేసిన చేయి వాటంతటవే లేచి అడ్డుకుంటాయి. నిజంగా అలా జరుగుతుందా అంటే... రెండు నెలలైనా నిండని శిక్షణతో ఎవరూ టోర్నమెంట్ గెలవరు. కరాటే క్లాసుకు వెళ్లే పిల్లలకు ఆ మాట చెప్పి ఉంచడం మంచిదే. అలాగని కథంతా గాలిలోంచి పుట్టింది కాదు. రచయిత రాబర్ట్ మార్క్ కామెన్ స్వయంగా ఒకినావా శైలి ‘గోజు-ర్యు’ కరాటే నేర్చుకున్నాడు. ఆ శైలిని స్థాపించిన గురువు పేరు చోజున్ మియాగీ. తెర మీది పెద్దాయనకు ఆ పేరే పెట్టుకున్నాడు.

ఆ రాత్రి

చిన్నప్పుడు చాలామంది పట్టించుకోని సన్నివేశం తర్వాత వస్తుంది. డేనియల్ వెళ్లేసరికి మియాగీ పాత సైనిక దుస్తుల్లో, తప్పతాగి, తూలుతూ ఉంటాడు. అది ఆయన పెళ్లిరోజు. ఆయన ఐరోపాలో అమెరికా తరఫున జర్మన్లతో పోరాడుతున్న సమయంలో, అదే అమెరికా ప్రభుత్వం నిర్బంధించిన మాంజనార్ శిబిరంలో భార్య ప్రసవం కష్టమై చనిపోయింది. బిడ్డా దక్కలేదు. ఆయన్ని నిద్రపుచ్చాక డేనియల్‌కు ఆ కబురు తెచ్చిన టెలిగ్రామూ, దేశంలోనే అత్యున్నతమైన సైనిక పతకమూ కనిపిస్తాయి. ఒకే మనిషికి, ఒకే దేశం ఇచ్చినవి రెండూ.

కథ నెమ్మదిస్తోందని స్టూడియో పెద్దలు ఈ సన్నివేశాన్ని కోసేయమన్నారు. ఎవిల్డ్‌సన్ ఒప్పుకోలేదు. అది లేకపోతే మియాగీ సామెతలు చెప్పే తమాషా ముసలాయనగానే మిగిలిపోయేవాడు.

ఇక్కడే పిల్లలు అడుగుతారు. “వాళ్ల దేశం వాళ్లనే ఎందుకు బంధించింది?” జవాబు సిద్ధంగా ఉంచుకోండి. జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేశాక 1942 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఇచ్చిన ఉత్తర్వుతో, పశ్చిమ తీరంలోని దాదాపు 1,20,000 మంది జపాను సంతతివారిని ఇళ్లు ఖాళీ చేయించి ముళ్లకంచెల శిబిరాలకు తరలించారు. వాళ్లలో మూడింట రెండొంతుల మంది పుట్టుకతో అమెరికా పౌరులే. ఆ కుటుంబాల కుర్రాళ్లే 442వ రెజిమెంటల్ దళంలో చేరి ప్రాణాలకు తెగించి పోరాడారు. మియాగీకి సినిమాలో ఇచ్చిన ఆ పతకం, నిజజీవితంలో యుద్ధం ముగిశాక ఆ దళంలో దక్కింది ఒక్కరికే... అదీ మరణానంతరం. పాత రికార్డులు తిరగేసి మరో 20 మందికి ఇచ్చేసరికి 2000 సంవత్సరం వచ్చింది. శిబిరాల విషయంలో అమెరికా చట్టపూర్వకంగా క్షమాపణ చెప్పింది 1988లో, అంటే ఈ సినిమా వచ్చిన నాలుగేళ్లకు.

మియాగీగా నటించిన పాట్ మోరిటాకు ఇదంతా పుస్తకంలో చదివిన చరిత్ర కాదు. 1932లో కాలిఫోర్నియాలో పుట్టిన ఆయనకు రెండేళ్ల వయసులో వెన్నెముకకు క్షయ సోకింది. పదకొండేళ్లొచ్చేదాకా ఆస్పత్రే ఇల్లు. ఇక నడవలేడనుకున్న పిల్లాడు నడిచాడు... నడిచి నేరుగా వెళ్లింది అరిజోనాలోని నిర్బంధ శిబిరానికి, అప్పటికే అక్కడున్న అమ్మానాన్నల దగ్గరికి. పెద్దయ్యాక వేదికల మీద జోకులు చెప్పి బతికాడు. అందుకే, కమెడియన్‌కు ఈ పాత్రేమిటని నిర్మాత జెర్రీ వైంట్రాబ్ మొదట ససేమిరా అన్నాడు. చివరికి ఆ పాత్రే మోరిటాకు ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషన్ తెచ్చింది. ఆయన 2005లో కన్నుమూశాడు. తెర మీద మియాగీ మాట్లాడే ఆ ముక్కల ఇంగ్లిషు మాత్రం ఇప్పుడు వింటే కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. మోరిటా సొంత మాట అచ్చమైన అమెరికన్ యాస మరి!

తప్పెవరిది?

ఇంకో సంగతీ రెండోసారి చూస్తేనే తెలుస్తుంది. ఇందులో గురువులు ఇద్దరు, ఇద్దరూ మాజీ సైనికులే. జానీకి నేర్పే క్రీస్ కూడా సైన్యం నుంచి వచ్చినవాడే. ఒకాయన యుద్ధం నుంచి మౌనం తెచ్చుకున్నాడు, ఇంకొకడు కసి తెచ్చుకుని దాన్ని పిల్లలకు పంచాడు. డేనియల్ గాయపడిన కాలి మీదే కొట్టమని క్రీస్ ఆజ్ఞాపించినప్పుడు జానీ ముఖం చూడండి. ఆ క్షణంలో వాడూ భయపడిన పిల్లాడే.

2018 నుంచి 2025 దాకా ఆరు సీజన్లు నడిచిన ‘కోబ్రా కాయ్’ సిరీస్ చూసిన పిల్లలైతే జానీ వైపే ఉంటారు. ముఖం మీద తన్నడం ఫౌల్ కాదా అని వాదిస్తారు కూడా. రాత్రి భోజనాల దాకా సాగే వాదన అది, తేలదు. జాకీచాన్ నటించిన 2010 నాటి ‘కరాటే కిడ్’ చూసినవాళ్లు, అందులో మైనం బదులు జాకెట్ తీసి తగిలించడం ఉంటుందని గుర్తుచేస్తారు. పేరులో కరాటే ఉన్నా అందులో నేర్పింది కుంగ్‌ఫూ!

పాత సినిమా రెండు గంటలకు పైనే ఉంటుంది. మొదటి అరగంట మెల్లగా నడుస్తుంది, చిన్నపిల్లలు లేచి తిరుగుతారు. తిరగనివ్వండి, కారు తుడిచే వేళకు వాళ్లే వచ్చి కూర్చుంటారు.

చివర్లో తన్ను తగులుతుంది, హాలు హోరెత్తుతుంది, జనం డేనియల్‌ను ఎత్తుకుంటారు. ఓడిన జానీయే ట్రోఫీ తెచ్చి అతని చేతికిస్తాడు. టీవీ కట్టేయడానికి రిమోట్ అందుకోకండి. సినిమా ముగిసేది గెలిచిన కుర్రాడి మీద కాదు. కెమెరా జనం మధ్యలోంచి మియాగీని వెతుక్కుంటుంది. ఎప్పుడో శిబిరంలో బిడ్డను పోగొట్టుకున్న ఆ ముఖం మెల్లగా నవ్వుతుంది. బొమ్మ అక్కడే ఆగిపోతుంది.