బస్తర్‌లో చలికాలం: పసిపిల్లల శ్వాసను లెక్కించడం ప్రాణరక్షణకు తొలి మెట్టు

జగదల్‌పూర్: చలి ముదిరే కొద్దీ ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ పీఠభూమిలో జలుబు, దగ్గు, ఇన్‌ఫ్లూయెంజా వంటి శ్వాసకోశ వ్యాధులు అధికమవుతాయి. తలుపులు మూసి కట్టెల పొయ్యి చుట్టూ చేరే ఇళ్లలో వైరస్‌లు సులభంగా వ్యాపిస్తాయి. పొగ ఊపిరితిత్తుల రక్షణశక్తిని తగ్గిస్తుంది.

పెద్దలలో ఈ వ్యాధులు చాలావరకు విశ్రాంతితో తగ్గిపోతాయి. వైరస్‌లపై యాంటీబయాటిక్ మందులు పనిచేయవు. అయితే అయిదేళ్లలోపు పిల్లలలో ఇవి న్యుమోనియాకు దారితీయవచ్చు.

ఎలా గుర్తించాలి?

బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు పొట్ట కదలికను గమనిస్తూ పూర్తిగా ఒక నిమిషం పాటు శ్వాసలను లెక్కించాలి. రెండు నెలలలోపు శిశువులకు 60, రెండు నుంచి 12 నెలల వారికి 50, ఏడాది నుంచి అయిదేళ్ల వారికి 40 లేదా అంతకు మించితే వెంటనే ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లాలి. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోవడం, పాలు తాగలేకపోవడం, మగత, మూర్ఛ ప్రమాద సూచనలు. అప్పుడు 108 అంబులెన్స్‌ను పిలవాలి.

అడవి గ్రామాల నుంచి ఆసుపత్రి చేరడానికి సమయం పడుతుంది. కనుక తెల్లవారే వరకు వేచి చూడరాదు. 2002 నుంచి ఛత్తీస్‌గఢ్ గ్రామాలలో సేవలందిస్తున్న మితానిన్ కార్యకర్తలను ముందుగానే సంప్రదించాలి. 2019లో మొదలైన హాట్ బజార్ క్లినిక్‌ల పథకం వారపు సంతలకే వైద్యాన్ని తెచ్చింది.

నివారణ

6, 14 వారాలలోను, 9 నెలలకు న్యుమోకోకల్ టీకా ప్రభుత్వ కేంద్రాలలో ఉచితంగా వేస్తారు. మొదటి ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డుపెట్టుకోవాలి, పసిబిడ్డను పొయ్యి పొగకు దూరంగా పడుకోబెట్టాలి.